గొంతు బయటికి రానీయకు

మంగళవారం

అమ్మా,

క్షేమసమాచారాలు తర్వాత. ఈ ఉత్తరం తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్లో చెప్పబోతే నువ్వు "సరేలే" అంటావు, నేనూ "సరేలే" అని పెట్టేస్తాను. ముప్పై ఏళ్లుగా మన మధ్య జరుగుతున్నది అదే.

ఈ ఏడాది నుంచి మా బడిలో పాట, బొమ్మలు, డాన్సు, నాటకం అన్నీ క్లాసు టీచర్లే నేర్పాలన్నారు. నాది మూడో తరగతి. బొమ్మలు వేయించాను. అట్టపెట్టెలతో బస్సు కట్టి నాటకం ఆడించాను. డాన్సయితే పిల్లలే నాకు నేర్పారు. పాట మాత్రం నేను పాడకుండా, ఫోన్లో వినిపించి పాడిస్తున్నాను. ఈ శనివారం పై అధికారులు వచ్చి చూస్తారట. మా వంతుకి వాన పాట పడింది.

నా క్లాసులో ఒక పిల్ల ఉంది. కుదురుగా కూర్చోదని అందరూ ఉడుత అంటారు. పాటది ఒక దారి, దాని గొంతుది ఒక దారి. పైగా అందరికంటే గట్టిగా పాడుతుంది. పోయిన గురువారం హెడ్ మేడమ్ తలుపు దగ్గర నిలబడి, "ఎవరండీ ఆ రేకు డబ్బా?" అన్నారు. పిల్లలు గొల్లున నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. ఉడుత దగ్గరికి వెళ్లి, అందరూ వింటుండగా అన్నాను: "నువ్వు పెదవులు కదుపు చాలు. గొంతు బయటికి రానీయకు."

అన్న మరుక్షణమే గుర్తుపట్టాను. ఆ మాట నాది కాదమ్మా. నీది.

నాకు ఎనిమిదేళ్లు. నీ సంగీతం క్లాసులో నీలం గౌను వేసుకుని నిలబడ్డాను. అక్షరం పొల్లుపోకుండా ఇవే మాటలు. ఇంటికి వచ్చాక మామూలుగానే నాకు జడ వేశావు. ఆ రోజు నుంచి నేను పాడలేదు. నా కూతుర్ని నిద్రపుచ్చడానికి కూడా నీ అల్లుడే పాడేవారు. "దీనికి సంగీతం మీద ఆసక్తి లేదు" అని నువ్వు చుట్టాలతో చెబుతుంటే పక్కనే తల ఊపేదాన్ని.

శుక్రవారం హాజరు పిలిచాను. ఉడుత పెదవులు కదిలాయి, శబ్దం లేదు. వెక్కిరిస్తోందనుకున్నాను. లెక్కల్లోనూ అంతే. బెంచి తగిలి మోకాలు చీరుకుపోతే నోరు తెరిచి ఏడ్చింది, చప్పుడు లేదు. నిన్న వాళ్లమ్మ వచ్చింది. బట్టలు కుట్టే మనిషి, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. "ఇంట్లోనూ ఇంతేనండీ. డాక్టరేమో గొంతులో ఏం లేదంటున్నాడు. బళ్లో ఎవరైనా ఏమైనా అన్నారా టీచరుగారూ?"

"నాకు తెలిసి ఎవరూ ఏమీ అనలేదు" అన్నాను.

ఆవిడ నన్ను నమ్మి వెళ్లిపోయింది.

శనివారం గడిచాక రాజీనామా ఇద్దామనుకుంటున్నాను. ఒక్కటి మాత్రం చెప్పు. ఆ రోజు నన్ను చూసి నువ్వేమనుకున్నావు?

నీ పెద్దమ్మాయి

బుధవారం

చిట్టితల్లీ,

బదులు ఇస్తే గానీ కదలనని తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. కొట్టివేతలుంటే సర్దుకో.

నువ్వడిగిన రోజు నాకు గుర్తు లేదు. పొద్దుటి నుంచీ వెతుక్కుంటున్నాను. నీలం గౌను గుర్తుంది. ఆ మాట అన్నది మాత్రం లేదు. అబద్ధం రాసి నిన్ను ఓదార్చవచ్చు, ఆ పని చేయను. ఎందుకు గుర్తు లేదంటే, ఆ మాట ఏటా అనేదాన్ని. ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురితో. పిల్ల నలుగురిలో నవ్వులపాలు కాకుండా కాపాడుతున్నాననుకునేదాన్ని. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. ఎంతమందో తలుచుకోబోయి కలం పక్కన పెట్టేశాను. వాళ్లిప్పుడు ఎక్కడున్నారో కూడా తెలియదు. నువ్వొక్కదానివే దొరికావు. అదీ నీ అంతట నువ్వు చెబితే.

నీకు ఆసక్తి లేదనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కన్నతల్లినై ఉండి.

నీ పిల్ల నీ ఎదురుగానే ఉంది. శనివారం దాకా ఆగకు. చాటుగా పిలిచి బుజ్జగించకు. నలుగురిలో అన్నమాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. వాళ్లమ్మకి నిజం చెప్పు, తిడితే పడు. ఇప్పుడు రాజీనామా ఇస్తే అది పారిపోవడమే.

అమ్మ

ఆదివారం

అమ్మా,

గురువారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆవిడ మిషను ఆపింది. "మొన్న నా మొహం చూసి లేదన్నారు కదండీ" అంది. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

తర్వాత క్లాసులో నిలబడి చెప్పాను: "ఉడుతతో నేను తప్పు మాట అన్నాను. చిన్నప్పుడు నాతోనూ అలాగే అన్నారు. అప్పటినుంచి నేను పాడలేదు. ఇవాళ పాడతాను." ఎంత ఘోరంగా పాడానో చెప్పలేను! రెండో చరణంలో మాటలు తారుమారు చేశాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఉడుత నవ్వలేదు. తల దించుకుని బెంచి గీకుతూ కూర్చుంది. శుక్రవారమూ పాడాను. మళ్లీ అదే తప్పు, మళ్లీ అదే మౌనం.

ఆ సాయంత్రం హెడ్ మేడమ్ పిలిచారు. "ఆ పిల్లని రేపు రావద్దనండి. ఎలాగూ పాడదు, చూడ్డానికి బాగుండదు."

"ఆ పిల్ల లేకపోతే మా క్లాసు స్టేజీ ఎక్కదండీ."

"ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా?"

తెలుస్తోందన్నాను. ఆవిడ గదిలోంచి బయటికి వచ్చేశాను.

నిన్న ముందు వరసలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. నేను స్టేజీ కింద నిలబడి, పాడుతూ చేతులు ఊపుతున్నాను. పల్లవి గట్టెక్కింది. రెండో చరణంలో మళ్లీ తప్పాను. పిల్లలు నన్ను చూసి తికమకపడి ఒక్కొక్కరే ఆగిపోయారు. హెడ్ మేడమ్ లేచి నిలబడ్డారు.

"అది కాదు టీచర్!"

ఉడుత. కోపంతో మొహం ఎర్రబడింది. "ముందు మబ్బు, తర్వాత చినుకు! రోజూ ఇదే తప్పు మీకు!" అని తనే ఎత్తుకుంది. రాగం ఎటో, అది ఎటో. ఎంత గట్టిగానో! మిగతా ముప్పై మందీ దాని వెంట పడ్డారు. పాట పూర్తయింది. వెనక వరసలో వాళ్లమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అధికారులు రాసిచ్చిన కాగితంలో మా పాట గురించి "శ్రుతి కుదరలేదు" అని ఉంది. హెడ్ మేడమ్ ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయారు. రేపు ఏమంటారో తెలియదు. రాజీనామా మాత్రం ఇవ్వను. వాళ్లే పొమ్మంటే అప్పుడు చూద్దాం.

వచ్చే ఆదివారం వస్తున్నాను. నీ ఎదురుగా కూర్చుని వాన పాట మొత్తం పాడతాను. నీ చెవికి కష్టమేనని తెలుసు. మొహం చిట్లించుకున్నా సరే, మధ్యలో ఆపకు.

నీ పెద్దమ్మాయి