బీడీకట్ట అడిగిన తాత

మంగళవారం రాత్రి, పలాస

మా బావ జీడిపప్పు దుకాణం ఈ రోజే తెరిచాడు. ‘జీడి బజారు’ అని ఫ్లెక్సీ బోర్డు వేసింది నేనే. అందంగా ఉంటుందని మెలికలు తిరిగిన ఫాంటు పెట్టాను. కొబ్బరికాయ కొట్టగానే బారువ ఊరి తాత ఒకాయన వచ్చి, “బీడీకట్ట ఒకటియ్యి బాబూ” అన్నాడు.

“ఇక్కడ జీడిపప్పే తాతా!” అన్నాడు బావ.

“మరి బీడి బజారని రాసినావేటి?”

రోడ్డు దాటి చూశాను. ‘జీ’ అచ్చం ‘బీ’లాగే ఉంది.

“అందం ఎవుడడిగినాడు? సదవడానికొత్తే సాలు కదేటి!” అని బావ అందరి ముందూ అరిచాడు.

రేపు మామూలు లావు అక్షరాలతో కొత్తది వేస్తానన్నాను. ఈ రాత్రికి మాత్రం అదే వేలాడుతుంది. కింద మూలన బోర్డు వేసిన నా ఫ్లెక్సీ షాపు పేరొక్కటే సాదా అక్షరాల్లో, ఎంత దూరానికైనా స్పష్టంగా కనిపిస్తోంది.