తొమ్మిది పిన్నుల వైరు

చోడవరం,
నవంబరు 1996

ప్రియమైన ఆమినాకి,

నువ్వు పంపిన కంప్యూటరు క్షేమంగా చేరింది. మీ తమ్ముడు వాజిద్ అనకాపల్లి నుంచి జీపులో తెచ్చి, మా ముందుగదిలో బల్ల మీద దించి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. షాపు మూసి వచ్చాడట. మీ వయోజన విద్య ఆఫీసులో పాతదైపోయిందని మూలన పడేసిన మిషనుని అడిగి మరీ ఇప్పించుకున్నావు. టైపు ఇనిస్టిట్యూట్‌లో పక్కపక్కన కూర్చున్న పుణ్యానికి ఇంత చేస్తారా ఎవరైనా?

ఈ ఉత్తరం మా వదిన సన్యాసమ్మ రాస్తోంది, నేను చెబుతున్నాను. నీ ఉత్తరాలు చదివి వినిపించేది కూడా ఆవిడే. నా చూపు ఇప్పుడు నడిమధ్య మసి పూసినట్టుంది. అంచులు మాత్రం కనిపిస్తాయి. పుస్తకం చదివి ఏడాది దాటింది. బడికి సెలవు పొడిగించాను. నల్లటి తెర మీద వేలెడేసి అక్షరాలు వెలుగుతూ ఉంటే చదవగలనని డాక్టరు అన్న మాట నేనే మరిచిపోయాను. నువ్వు మరిచిపోలేదు.

అయితే తెర వెలగలేదు. లోపల ఫ్యాను తిరుగుతోంది, గుర్రుమని చప్పుడవుతోంది, అంతే. వదిన దగ్గరికెళ్ళి చూసి, "నాకూ ఏటీ అవుపించట్లేదమ్మా. తప్పు నీ కళ్ళది కాదు" అంది. అందరం నవ్వాం.

ఏం చెయ్యాలో రాయి. మీ ఆయన షరీఫుద్దీన్ గారికి నమస్కారాలు చెప్పు.

నీ స్నేహితురాలు
దుర్గాదేవి

*

విశాఖపట్నం,
నవంబరు 1996

ప్రియమైన దుర్గా,

సామాన్లలో ఒక వైరు రాలేదు. ఆ మిషను వెనక రెండు కార్డులుంటాయి. ఒకటి మామూలు తెర కార్డు, రెండోది తెలుగు అక్షరాలు చూపించే కార్డు. మొదటి కార్డులోంచి ఒక పొట్టి వైరు రెండోదాంట్లోకి వెళ్ళాలి. అక్కణ్ణుంచి తెరకి వెళ్తుంది. ఆ పొట్టి వైరు లేకపోతే తెర చీకటే. మా స్టోరుగదిలో దుమ్మంతా దులిపాను, దొరకలేదు.

డాబా గార్డెన్స్‌లో షాపులన్నీ తిరిగాను. ఇప్పుడొచ్చేవన్నీ పదిహేను పిన్నుల వైర్లేనట. తొమ్మిది పిన్నులదని అడిగితే, "అయ్యి ఎప్పుడో పోయేయి మేడమ్, కొత్త కంప్యూటర్ కొనుక్కోండి" అంటున్నారు. నేను ఊరుకోను. ఆ రెండు కార్డుల మీద ఉన్నవి పిన్నులా, రంధ్రాలా? ఎన్ని ఉన్నాయి? ఎవరిచేతనైనా చూపించి రాయి.

ఇక్కడ విశేషాలేమీ లేవు. ఇంకా రాద్దామనుకున్నాను. సరే, ఇప్పటికిది చాలు. వదినగారికి నా నమస్కారాలు.

నీ
ఆమినా

*

చోడవరం,
డిసెంబరు 1996

ప్రియమైన ఆమినాకి,

ఎవరిచేతా చూపించలేదు. నేనే చూశాను, వేళ్ళతో. తరువాత బడిలో పిల్లలు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దుతారే, అలా రెండు కార్డుల మీదా రుద్దాను. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. రెండింటికీ రంధ్రాలే. పైన అయిదు, కింద నాలుగు. అంటే వైరుకి రెండు కొసలా పిన్నులుండాలి, అవునా?

నేను మిషను వెనక దూరి రుద్దుతుంటే వదిన వచ్చి, "ఏటమ్మా అది, కంప్యూటర్‌కి కొలత తీసి జాకెట్టు కుట్టిత్తావా?" అంది. ఇది ఆవిడే రాస్తూ నవ్వుతోంది.

గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైంది. అన్నయ్య పెదబాబు చెరుకు ట్రాక్టరుతో పొద్దున్నే పోతున్నాడు. వదిన పొలానికి అన్నం పట్టుకెళ్తోంది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు. రేడియో పెట్టుకుంటాను. వీధిలో పిల్లలు "నమస్కారం టీచర్" అంటారు. ఎవరో తెలియదు. అందరికీ ఒకేలా నవ్వుతాను.

సాయంత్రం వదిన నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని చదివింది. పక్కింటి అచ్చియ్యమ్మ గారు కూడా విన్నారు. "ఆమినమ్మ ఈపాలి శానా సిన్న ఉత్తరం రాసిందేటి? ఒంట్లో బాగోలేదేటి?" అన్నారు. ఈసారి పెద్దది రాయి. ఆవిడకి కూడా కాలక్షేపం.

నీ ఉత్తరం కోసం చూసే
దుర్గాదేవి

*

విశాఖపట్నం,
జనవరి 1997

దుర్గా,

నీ పెన్సిలు బొమ్మ పట్టుకుని తిరిగాను. పాత సామాన్ల షాపులో ఒక గంపెడు వైర్లు కింద పోసి నన్నే వెతుక్కోమన్నారు. కాగితం మీద పెట్టి చూస్తూ పోయాను. లెక్క సరిపోతే కొసల్లో పిన్నులు కాక రంధ్రాలుండేవి, లేకపోతే రెండు వరసలకి బదులు మూడుండేవి. చివరికి ఒకటి దొరికింది. రెండు కొసలా తొమ్మిది పిన్నులు. పార్సిలు చేశాను. పెట్టి చూసి వెంటనే రాయి. ఆలస్యం చెయ్యకు.

అచ్చియ్యమ్మ గారిని అడిగానని చెప్పు. నేను బాగానే ఉన్నాను. ఆయన కూడా బాగున్నారు.

ఉంటాను మరి,
ఆమినా

*

చోడవరం,
జనవరి 1997

ప్రియమైన ఆమినాకి,

వైరు రెండు పక్కలా చక్కగా పట్టింది. స్విచ్చి వేశాం. తెర వెలిగింది! వదిన "వచ్చిందమ్మా" అని అరిచింది. నాకూ వెలుగు తెలిసింది. కానీ అక్షరాలు కాదు. వాన జల్లులా ఏటవాలుగా గీతలు, పైకి పరిగెడుతూ. తెరలోంచి సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. వదిన భయపడి, "పేలిపోద్దేమో, తీసెయ్" అని తనే ప్లగ్గు లాగేసింది.

కాబట్టి ఇంక వెతకొద్దు ఆమినా. ఆఫీసు చూసుకుని, ఇల్లు చూసుకుని, ఈ వైర్ల కోసం ఎండలో తిరగొద్దు. నాకు రేడియో ఉంది, వదిన ఉంది. ఉత్తరాలు చదివేవాళ్ళున్నారు. ఏం తక్కువ?

ఒకసారి రాకూడదూ? బస్సెక్కితే పూటలో వచ్చేస్తావు. ఫోను చేద్దామంటే అచ్చియ్యమ్మ గారి హాల్లో అందరి మధ్య నిలబడి మాట్లాడాలి. నీ ఉత్తరాల్లో వైరు సంగతి తప్ప నీ సంగతి ఒక్కటీ ఉండట్లేదు. ఇది రాయమంటే వదిన, "నిజమేనమ్మా, నేనూ అనుకుంటన్నాను" అంది.

నీ రాక కోసం చూస్తూ,
దుర్గాదేవి

*

చోడవరం,
మార్చి 1997

ఆమినా,

నువ్వు రాలేదు. ఉత్తరమూ లేదు. జవాబు రాకుండా నేను రాసిన మూడో ఉత్తరం ఇది. పోస్టుమాను సైకిలు చప్పుడు నాకు వీధి మొదట్లోనే తెలిసిపోతుంది. మా ఇంటి ముందు ఆగదు. వాజిద్‌ని అడిగి రమ్మని అన్నయ్యని పంపితే, "అక్క బాగానే ఉంది, పని ఎక్కువ" అని తల దించుకుని చెప్పాడట.

నా మీద కోపమా? వైరు వద్దన్నానని కోపమా? ఏదైనా సరే రాయి. తిట్టి రాసినా వదిన చదువుతుంది, నేను వింటాను.

దుర్గ

*

విశాఖపట్నం,
మార్చి 1997

దుర్గా,

కోపం ఎవరి మీద? నీ మీదా? నీకు మతి లేదు.

ఈ పార్సిల్లో వైరు పెట్టాను. ఇది సరైనది. పాతది పిన్నులు సరిపోయినా, లోపల తీగెలు అటూ ఇటూ మార్చి కలిపిన రకమట. దాన్ని మళ్ళీ పెట్టకు, తెర కాలిపోతుంది. ఇందులో ఏ పిన్ను నుంచి తీగె ఆ పిన్నుకే వెళ్తుంది.

ఒక ఫ్లాపీ కూడా ఉంది. దాన్ని పెట్టి స్విచ్చి వేస్తే చాలు, అక్షరాలు వాటంతటవే పెద్దవిగా వస్తాయి. పొడుగు మీట నొక్కితే తరువాతి మాటలు వస్తాయి. తెలుగు అక్షరాలు ఏ మీటల మీద ఉన్నాయో ముందు అదే చెబుతుంది. నువ్వు టైపు మరిచిపోయి ఉండవు. ఆ తరువాత ఉన్నది నీకు రాసిన ఉత్తరం.

వదినగారూ, ఇక్కడిదాకా మీరు చదివారు. ఫ్లాపీలోది దుర్గని ఒక్కదాన్నే చదువుకోనివ్వండి. ఏమీ అనుకోకండి.

మీ ఆమినా

*

(ఫ్లాపీలో)

దుర్గా,

పక్కన ఎవరూ లేరు కదా?

నీకు మిషను పంపిన కొన్నాళ్ళకి స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డలా చేతికి తగిలింది. పరీక్ష చేసి కేన్సరన్నారు. ఫిబ్రవరిలో ఆపరేషన్ చేశారు. రొమ్ము తీసేశారు. అందుకే ఉత్తరం లేదు.

నీకు చెప్పాలని ఎన్ని ఉత్తరాలు మొదలుపెట్టానో. నా ఒంటి సంగతి మీ అరుగు మీద, వదినగారి గొంతులో, నలుగురూ వింటూ ఉండగా నీకు చేరుతుందని గుర్తొచ్చి చింపేసేదాన్ని. ఆవిడ మంచిదే. వినేవాళ్ళూ మంచివాళ్ళే. అయినా నాకు చేతకాలేదు. రమ్మన్నావు కదా, వచ్చాను. అనకాపల్లిలో దిగి, చోడవరం బస్సు ముందు నిలబడ్డాను. నీ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పలేననిపించింది. బస్సు వెళ్ళిపోయింది. వాజిద్ షాపుకి కూడా వెళ్ళకుండా వెనక్కొచ్చేశాను. తరువాత వాడికి నేనే ఒట్టు పెట్టాను, ఎవరికీ చెప్పొద్దని.

మొదట వైరు నీకోసమే వెతికాను. గడ్డ సంగతి తెలిశాక వెతికింది నాకోసం. ఆస్పత్రిలో వరసగా మంచాలు, మనుషులు. ఇంటికొస్తే చుట్టాలు. ఇంతమందిలో ఒక్కరితోనైనా నాకు భయంగా ఉందని అనలేకపోయాను. ఆయనతో అంటే ఆయన భయపడతారు. నీకైతే చెప్పగలను. కానీ నువ్వు ఒక్కదానివే చదువుకునేలా చెయ్యాలి.

ఈ వైరు ఆయనే చేశారు. మా ఆఫీసుకొచ్చే సర్వీసు ఇంజినీరుని అడిగి పిన్నుల అంకెలు రాయించుకుని, రెండు కొసలూ తీగెలూ కొనుక్కొచ్చారు. షిప్‌యార్డులో వెల్డరు కదా, "ఓడలు అతికించే సెయ్యి ఇది, ఎంట్రుకలు అతకమంటే ఎలాగే?" అన్నారు. నేను మంచం మీద పడుకుని అంకెలు చదివాను, ఆయన నేల మీద కూర్చుని అతికారు. రెండు సార్లు చెయ్యి కాల్చుకున్నారు. ఆపరేషన్ తరువాత మేమిద్దరం మామూలుగా మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే.

ఇప్పుడు సగంపూట ఆఫీసుకి వెళ్తున్నాను. ఇంకా మందు ఎక్కించాలన్నారు. జుట్టు ఊడుతుందట. అద్దంలో చూసుకోవడం మానేశాను. ఆయన గదిలోకి వస్తే గోడవైపు తిరుగుతాను. మా అమ్మ వచ్చినా పైట గట్టిగా లాక్కుంటాను. ఎవరి కళ్ళు ఎటు వెళ్తున్నాయోనని రోజంతా కాపలా కాయడమే నా పని.

జవాబు ఇదే ఫ్లాపీలో రాసి పంపు. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు చదువుతాను.

ఆమినా

*

(అదే ఫ్లాపీలో)

చోడవరం,
ఏప్రిల్ 1997

ఆమినా,

ఇది నేనే కొడుతున్నాను. తప్పులుంటే ఉండనీ.

వైరు పట్టింది. తెర మీద పచ్చగా "దుర్గా" అని వచ్చింది. నా పేరు నేను చదువుకుని ఎంత కాలమైందో. తలుపులు తీసి వీధిలో చెప్పాలనిపించింది. సంతోషంగా మీట నొక్కాను. తెర మీద ఒక్కసారికి నాలుగైదు మాటలే పడతాయి. "ఎడమ రొమ్ములో గడ్డలా చేతికి" అన్న దగ్గర తెర నిండిపోయింది. తరువాతి మాట కోసం మీట నొక్కాలి. నా వేలు కదల్లేదు. వదిన చదివి ఉంటే ఒక్క ఊపులో వినేసేదాన్ని. ఇది నా చేత్తో నేను నొక్కితే తప్ప రాదు. మధ్యాహ్నమంతా పట్టింది.

వదిన పొలం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏటి రాసిందమ్మా ఆమినమ్మ?" అంది.

"వైరు సరిపోయిందా అని రాసింది వదినా."

"అంతదానికి ఇంతసేపు సదివేవా?"

"అక్షరాలు పెద్దవి కదా, నెమ్మదిగా వస్తాయి."

నా ముఖం ఆవిడకి కనిపిస్తుంది కదా. "సరేలే, మెల్లగా సదువుకో. అచ్చియ్యమ్మ వస్తే నిద్దరోతన్నావని సెప్తాను" అని, వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది. ఈ ఇంట్లో నాకోసం తలుపు వెయ్యడం అదే మొదటిసారి. అప్పుడు ఏడ్చాను.

ఇన్నాళ్ళూ నేను రాయించిన ఉత్తరాల్లో అబద్ధం లేదు. కానీ వదిన వినగలిగినంతే నిజం ఉంది. మిగతాది ఇప్పుడు చెబుతున్నాను. నాకూ భయంగానే ఉంది. అంచుల్లో ఉన్న ఈ కాస్త చూపూ పోతుందేమోనని పొద్దున్న లేవగానే కిటికీ ఎక్కడుందో చూసుకుంటాను. కనిపించేదాకా ఊపిరి పీల్చుకోను. అన్నం పెడుతున్నవాళ్ళకి ఈ మాట చెప్పి వాళ్ళని ఎలా బాధపెట్టను? అందుకని నవ్వుతూ కూర్చుంటాను. నవ్వడం కూడా అలవాటైపోయింది.

నేను నీ దగ్గరికి వస్తున్నాను. కొన్నాళ్ళు ఉంటాను. మందు ఎక్కించే రోజున పక్కన కూర్చుంటాను. వంట చెయ్యలేను, బియ్యం ఏరలేను. తల దువ్వగలను. జుట్టు ఊడితే నూనె రాయగలను. నా ముందు నువ్వు పైట సర్దుకోనక్కర్లేదు. నేను ఎటు చూస్తున్నానో నాకే తెలియదు.

పదమూడో తారీకు ఆదివారం పొద్దున్న బస్సుకి బయలుదేరతాను. అన్నయ్య దిగబెడతానన్నాడు, వద్దన్నాను. బోర్డు చదవలేను, కండక్టరుని అడుగుతాను. సంచీలో బట్టలు వదిన సర్దుతోంది. ఎందుకు వెళ్తున్నావని ఒక్క మాట అడగలేదు.

ఓపిక ఉంటే ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్‌కి నువ్వే రా. ఎవరినీ పంపకు. అంత జనంలో నేను నిన్ను పోల్చుకోలేను. బస్సు దిగిన చోటే నిలబడతాను. నువ్వే గట్టిగా నన్ను పేరు పెట్టి పిలువు.

దుర్గ