ఊగేది సీటు, నేను కాదు

మొదటి రోజు. ఆదివారం, ఉదయం ఏడు.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. కోర్టులో సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు చెయ్యడం తన ఉద్యోగం. కాబట్టి ఇందులో సొంత కవిత్వం ఉండదు.

నా కేసు ఇది. నా కొడుకు పళ్ల డాక్టరు. యాభై దాటాక ముచ్చటపడి ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు, ఎవరో వాడి వదిలేసింది. రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు. దాన్ని ఎక్కడం ఉండదు, నూతిలోకి దిగినట్టు దిగాలి. పక్క సీటులో నేను కూర్చుంటే, బ్రేకు వేసినప్పుడల్లా సీటు టక్కుమని ముందుకి, బండి కదిలితే టక్కుమని వెనక్కి. పోయిన గురువారం మలుపులో నా తల అద్దానికి కొట్టుకుంది.

"సీటు వదులైందిరా" అన్నాను.

"సీటు కాదమ్మా, నువ్వే తూలుతున్నావు. ఈ వయసులో మర దగ్గర నిలబడటం ప్రమాదం" అన్నాడు. గోడ మేకుకి వేలాడుతున్న పిండిమర తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు!

ఆ మర నలభై ఏళ్లు నేనే నడిపాను. బెల్టులు మార్చాను, బేరింగులు మార్చాను. ఏ నట్టు వదులైందో చెవితో చెబుతాను. నేను తూలుతున్నానట!

"సీటులో లోపం నా కంటికి కనబడితే తాళంచెవి నా చేత్తోనే ఇస్తా" అన్నాడు. సరే.

నా ప్రతిజ్ఞ: పానా ముట్టను. నోరు విప్పను. వాడే చూడాలి, వాడి నోటితోనే చెప్పాలి. నేను చెబితే ముసలిదాని చాదస్తం అవుతుంది.

ఉదయం పది. వాడు ఆ సీటులో కూర్చుని చూశాడు. వంద కిలోల మనిషి. ఆ బరువుకి సీటు కిక్కురుమనలేదు. "చూశావా, కదల్లేదు" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నోరు మూసుకోవడం ఇంత తేలికా! ఇన్నేళ్లూ తెలియలేదు.

మూడో రోజు. మంగళవారం, సాయంత్రం.

ఇప్పటిదాకా మహానుభావుడు చేసిన రిపేర్లు: సీటు కింద ఊడ్చాడు, ఒక పెన్ను మూత దొరికింది. నూనె చల్లాడు, నా చెప్పులు జిడ్డయ్యాయి. కొత్త తొడుగు వేశాడు. నా నడుము వెనక దిండు పెట్టాడు.

పొద్దస్తమానం బటన్ నొక్కితే లేచే కుర్చీ పక్కన నిలబడే బతుకుతాడు. వేలు పెట్టి ఏ పన్ను కదులుతోందో చెబుతాడు. ఇంత సీటు కదులుతుంటే తెలియదు! వచ్చినవాళ్లందరి నోళ్లూ తెరిపిస్తాడు, తల్లి నోరు మూయిస్తాడు.

ఒక్కసారి "ఊఁ" అన్నాను. అది మాట కిందికి రాదని కోడలు ఒప్పుకుంది.

ఎనిమిదో రోజు. ఆదివారం, ఉదయం పదకొండు.

సీటు ముట్టుకునే ముందు బ్యాటరీ తీగ విప్పమని ఫోనులో ఎవరో చెప్పారట. విప్పాడు. ఆ తర్వాత సీటు జరపడానికి బటన్ నొక్కాడు. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కరెంటు పీకేశాక మోటారు సీటు ఎలా జరుగుతుందిరా?

నేను వంగి చూశాను. చూడటం ముట్టుకోవడం కాదు. సీటు వెనక్కి పోతేనే ముందు బోల్టులు రెండూ కనబడతాయి. ముందుకొస్తేనే వెనక రెండూ. మధ్యలో ఆగిన సీటు నాలుగింటినీ కప్పేసుకుని కూర్చుంది. వీడు కాళ్లు వీధిలోకి, తల సీటు కిందికి పెట్టి పడుకుని, "మోటారు కాలిపోయినట్టుంది" అంటున్నాడు.

మాటని పంటి కింద నొక్కిపెట్టాను.

పదకొండున్నర. అన్నాను. "బ్యాటరీ." ఒక్క మాటే. అదీ గోడవైపు తిరిగి.

"ఏంటమ్మా?"

"నీతో కాదు. గోడతో మాట్లాడుతున్నా."

వాడు కోడలివైపు తిరిగాడు. "విన్నావా? గోడతో మాట్లాడుతోంది."

పోయింది నా కేసు!

పదకొండో రోజు. బుధవారం.

మధ్యాహ్నం పన్నెండు. వాడు క్లినిక్‌కి నడిచి వెళ్లాడు, వీధి చివరే. కోడలికి సెలవు. పానా ముట్టనన్నాను గానీ తుడవనని అనలేదు. నా పానాల పెట్టె దించాను.

పన్నెండుంపావు. పెద్ద పానా తుడుస్తున్నాను.

పన్నెండున్నర. కారు దగ్గర నిలబడి తుడుస్తున్నాను. ఇక్కడ వెలుతురు బాగుంది.

ఒంటిగంట. బ్యాటరీ తీగ వాడే మళ్లీ తగిలించాడు, బటన్ పనిచేస్తోంది. సీటు వెనక్కి జరిపాను. ముందు బోల్టులు బిగువే. ముందుకి జరిపాను. వెనక ఎడమ బోల్టు వేలితో తిరిగింది. వేలితో! కింద వాషరు అరిగి కాగితంలా ఉంది. మర కోసమని దాచుకున్న ఇనుప వాషరొకటి వేసి బిగించాను. కూర్చుని ఊగి చూశాను. బండరాయి!

డెబ్బై ఎనిమిదేళ్లు, నలభై కిలోలు, ముప్పావు గంట. రాయి కోడలా, పెద్ద అక్షరాలతో రాయి.

పన్నెండో రోజు. గురువారం, సాయంత్రం.

వాడు నన్ను కారులో తిప్పాడు. కావాలని గట్టిగా బ్రేకు వేశాడు. సీటు చలించలేదు, నేనూ చలించలేదు.

"చూశావా అమ్మా! దిండు పెట్టాక కుదురుగా కూర్చున్నావు. సీటులో ఏ లోపమూ లేదు. ఇక మర అమ్మేద్దాం, కొనేవాడు సోమవారం వస్తానన్నాడు."

నా సాక్ష్యాన్ని నా చేత్తోనే బిగించేశాను. బుద్ధి లేకపోతే సరి!

"నువ్వు కళ్లారా చూశావుగా, సాక్ష్యం చెప్పు" అన్నాను కోడలితో.

"రాసేవాళ్లు సాక్ష్యం చెప్పకూడదు అత్తయ్యా. చెప్పినా, అత్తాకోడళ్లు ఒకటయ్యారంటారు మీ అబ్బాయి."

అదీ నిజమే.

మళ్లీ మొదటి రోజు. శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు.

నా వాషరు తీసేశాను. అరిగిన పాతదే వేసి, బోల్టు వేలితో తిరిగేలా పెట్టాను, ముందు ఎలా ఉందో అచ్చం అలాగే. పానా కడిగి పెట్టెలో పెట్టాను. ఇక ముట్టను. నోరు విప్పను. ఈసారి ఖాయం.

ఆదివారం షికారుకి నేను రాను, మోకాళ్లు నొప్పులు. పక్క సీటులో కోడలు కూర్చుంటుంది. ఇన్నాళ్లూ స్కూటరు చాలంటూ తను ఆ కారు ఎక్కనేలేదు. నలభై నాలుగేళ్ల మనిషి, గట్టిగా యాభై కిలోలుండదు. మొదటి మలుపులోనే సీటు టక్కుమంటుంది. అప్పుడు పెళ్లాన్ని చూసి, ముసలిదానివై తూలుతున్నావు అనమనండి, వింటాను.

ఇక్కడికి రాగానే కోడలు కలం ఆపింది.

"అత్తయ్యా, రాసేవాళ్లు..."

"సాక్ష్యం చెప్పకూడదు. కూర్చోకూడదని రూలేం లేదుగా? రాయి."

రాసింది.