షామియానా వెనక షాట్

గుంటూరు,
ఫిబ్రవరి 2001

నాన్నకి సలాం.

నీ మీద కోపం ఇంకా తగ్గలేదు, అయినా రాస్తున్నాను. నేను తీసిన పర్చూరు పెళ్లి క్యాసెట్టు చూసి "నా పరువు తీశావు, ఇక కెమెరా ముట్టుకోకు" అన్నావు. ముట్టుకోకుండా నేనుండలేను నాన్నా.

మా కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో ఫ్రెంచి సినిమాలు వేస్తున్నారు. పారిస్‌లో విద్యార్థులు, కూలీలు కలిసి వీధుల్లోకొచ్చిన రోజుల్లో తీసినవి. మొదటిది చూస్తూ నిద్రపోయాను, దాచడమెందుకు! రెండోదాంట్లో ఒక ఫ్యాక్టరీలో సమ్మె. యజమాని మాట్లాడుతుంటే కెమెరా ఆయన్ని వదిలేసి, గిన్నెలు కడిగే ఆమె మీదే నిలబడిపోయింది. కదలదే! పాట లేదు, కటింగ్ లేదు. కాసేపటికి ఆమె మన వైపు తిరిగి, "ఇన్నాళ్లూ నన్నెందుకు చూపించలేదు?" అంది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

మన పెళ్లి వీడియోల్లో బంతిలో తినే ప్రతి మొహమూ పడాలి, లేకపోతే చుట్టాలు అలుగుతారు. వండినవాళ్లు పడలేదని అలిగేవాళ్లేరీ? అందుకే నీకు జ్వరమొచ్చి నన్ను పర్చూరు పంపిన రోజు, నిఖా జరుగుతున్నంతసేపూ కెమెరాని షామియానా వెనక వంటలు చేసే గాడిపొయ్యి దగ్గరే పెట్టాను. తెలిసే చేశాను. ఆదివారం ఇంటికి రమ్మన్నావుగా, కెమెరా ఇస్తానంటేనే వస్తాను.

నీ మొండి కూతురు,
సిద్దికా

ఒంగోలు

అమ్మా సిద్దికా,

నాకే షరతులు పెడతావే! మీ అమ్మ పక్కన కూర్చుని నవ్వుతోంది కాబట్టి తిట్లు తగ్గించి రాస్తున్నా.

మొన్న క్యాసెట్టు నా మొహాన కొట్టిపోయిన పెళ్లికూతురి తండ్రి మీరా హుస్సేన్, నిన్న కూతురు కరీమున్‌ని వెంటేసుకుని మళ్లీ షాపుకొచ్చాడు. గొడవకే అనుకున్నా. "బాషా, అది చెరిపేశావా ఏంది?" అన్నాడు. లేదని నేనంటే "హమ్మయ్య, బతికించావు" అని కుర్చీలో కూలబడ్డాడు. నిఖా అప్పుడు అమ్మ ఎక్కడుందని కరీమున్ నిలదీస్తే, ఆయనకి ఈ క్యాసెట్టు గుర్తొచ్చిందట. టీవీలో వేశాను. వంటామె మిరప కోతలకు పోయి రాకపోతే, పెళ్లికూతురి తల్లే గరిటె పట్టిందట. నిఖా అయిందని ఎవరో కేకేశారు. ఆమె గరిటె వదల్లేదు, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నీ కెమెరా కదల్లేదు. కరీమున్ టీవీ మీద చెయ్యి పెట్టి, "నా నిఖా చూడ్డానికి మా అమ్మ రాలేదని అలిగాను చిన్నాన్నా" అని భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ క్యాసెట్టు అత్తారింటికి పట్టుకుపోయింది.

ఇన్నేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా, పెళ్లికూతురి తల్లి ఎక్కడుందని ఒక్కసారి కూడా వెతకలేదే నేను!

ఆదివారం వచ్చెయ్, ఆ పై శుక్రవారం సింగరాయకొండలో పెళ్లి ఉంది. రెండో కెమెరా అద్దెకి చెప్పాను, అది నీది. నీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకో. నిఖా మాత్రం నేనే తీస్తా, ఆ విషయంలో నిన్ను నమ్మను.

మీ నాన్న,
గౌస్ బాషా