ఎండకు ఓర్వని ఈస్ట్

అన్నా,

నీ దోస్తు జోసెఫ్ నిన్ను అవమానించాడు. తప్పు చేసినవాడి పేరు దాచడం నాకు చేతకాదు, అందుకే ముందే రాస్తున్నాను.

నువ్వు పోయి ఏడాది నిండుతోంది. నీ గుర్తుగా, హాప్స్ పూల వాసన గుప్పుమనే నీ పేల్ ఏల్ బీరు చేద్దామని నీ దోస్తులూ నేనూ అందరం కూర్చున్నాం. బీరును పులియబెట్టడానికి జోసెఫ్ వేరే రకం పొడి ఈస్ట్ తెచ్చాడు.

"అన్న వాడేది ఇది కాదు గదా?" అన్నాను.

"అది మన ఎండలకు ఆగదు తమ్మీ. బీరు పులిసే బకెట్ సల్లగుండాలంటె దాని మీద గోనెసంచి ఆరకుండ తడపాలె. తడిపేటోడే పోయిండు, ఇగ ఎవడు చూస్తడు?"

"మనమంత ఎందుకున్నం? శ్రమను పంచుకోవాలె!"

"కరపత్రాలు చదివి చదివి బకెట్‌కు గూడ ఉపన్యాసమిస్తున్నవ్ రా!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

అతని ఈస్ట్ వేడిని తట్టుకుంటుంది, అబద్ధమాడను. కానీ పళ్ల వాసన కలుపుతుందట. నీ ఈస్ట్ తన వాసన కలపకుండా హాప్స్‌కు దారి వదిలేది. ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తి వచ్చి, బూట్లు విప్పకముందే నువ్వు బకెట్ మీది సంచి తడపడానికి మిద్దెక్కేవాడివి. పైన నీళ్లు పోసిన చప్పుడు వినబడితే, అన్న వచ్చాడని అమ్మ అన్నం పెట్టేది. ఏడాదిగా మన ఇంట్లో ఆ చప్పుడు లేదు.

నీ ఈస్టే తెప్పించాను. అందరికీ చెప్పేశాను: ఆదివారం పొద్దున ఆరింటికి మిద్దె మీదికి రావాలి, జోసెఫన్నతో సహా. తలా ఒక చెంబు తెచ్చుకోవాలి.