దొరికిన మనిషి

కంబదూరు

ఇంద్రాణక్కా,

నువ్వు ఫోన్ చేసి, "ఏమ్మా, ఆ పొద్దు నాతో ఒక్క మాటన్నా మాట్లాడకుండా పోతివే?" అని అడిగినప్పుడు ఏదో పని ఉందని ఫోన్ పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

మన ఇద్దరి మగవాళ్లూ ఒకే సరుకుల ఓడలో పనిచేశారు. ఎర్రసముద్రంలో క్షిపణి తగిలి ఆ ఓడ మునిగినప్పుడు దొరికింది ముగ్గురి శవాలే. వాటిలో మీ ఆయన భరతన్నది ఒకటి. మా ఆయన పేరు ఆచూకీ తెలియనివాళ్ల జాబితాలో ఉంది.

మడకశిరలో భరతన్న శవపెట్టె దింపిన రోజు నిన్ను ఓదార్చాలనే బస్సెక్కాను. నువ్వు ఆ పెట్టె మీద పడి ఏడుస్తుంటే నాకు జాలి కలగలేదక్కా, అసూయ పుట్టింది. పిడికెడు మట్టి వేయడానికి నీకు నీ మనిషి దొరికాడు, నాకు దొరకలేదు అనుకున్నాను. నీ ముఖం చూడలేక వెనక్కి వచ్చేశాను. ఇప్పటికీ నువ్వు చేనిలో ఉన్న సమాధికి పూలు పెట్టి వచ్చానంటే నా కడుపు మండుతుంది.

ఎనిమిది నెలలైంది. నా కంట్లో నీళ్లు కనబడితే మా అత్త సుంకమ్మ, "ఏడ్చొద్దు! నా కొడుకు యాడో ఒడ్డున బతికే ఉండాడు" అని అరుస్తుంది. ఆమె కోసం రోజూ బొట్టు పెట్టుకుంటున్నాను. ఆయన ఇక రాడని నాకు తెలుసు.

ఇది చదివి నీకు కోపం వస్తే రానీ. కానీ ఒక్కసారి నన్ను మీ చేనికి రానివ్వక్కా. భరతన్న సమాధి దగ్గర కూర్చుని, మా ఆయనను పేరు పెట్టి పిలిచి, గొంతెత్తి ఏడవాలి.

నీ చెల్లెలు