బజారుకెళ్ళిన తాబేలు

సముద్రపు తాబేళ్ళ మీద పరిశోధన చేసే ఆఫీసరుగారికి,

నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మీ తాబేలు బతికే ఉంది బాబూ! ఈ పొద్దున నా కళ్ళతో చూశాను.

అదెక్కడ తిరుగుతోందో తెలియడానికి దాని వీపుకి మీరంటించిన పెట్టె రోజూ బజారుకెళ్ళి వస్తున్నట్టు మీ కంప్యూటర్లో కనబడిందట. మా అబ్బాయి తాబేలును కోసి అమ్ముతున్నాడని పడవ పట్టుకుపోయారు. బజారుకెళ్ళేది నేనయ్యా! ఆ పెట్టె ఎక్కడో ఊడిపోయి మా వలలో పడింది. బరువుగా ఉంది కదా అని, చేపల బుట్ట మీద మూత ఎగిరిపోకుండా పెట్టుకున్నాను. అడిగితే చెప్పేదాన్ని కాదూ? "ముసలమ్మా, నువ్వు పక్కకి తప్పుకో" అన్నారు మీవాళ్ళు.

తెల్లవారుతుండగా అది ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టింది. వీపు మీద మీ జిగురు మచ్చ అలాగే ఉంది. కోడలు తీసిన ఫోటో ఇందులో పెట్టాం. "అత్తయ్యా, అరవకండి, బెదిరిపోతుంది" అంటుంది తను. నా సంతోషం ఆగితేగా!

అది సముద్రంలోకి వెళ్ళిపోయాక మా అబ్బాయి గుడ్ల చుట్టూ పాత వల కట్టి కాపలా కూర్చున్నాడు. కుక్కను కూడా దగ్గరికి రానివ్వడం లేదు. మా పడవ తీసుకుని మీరే రండి. గుడ్లు వాడి చేతుల మీదుగానే మీకు అప్పగిస్తాం.

ఇట్లు,
మీరు దొంగన్న వాడి అమ్మ